పాత టీబీ, ఎక్స్‌రేకి రావాలి

ఆ ఆసుపత్రిలో ఆయన్ని ఎదురుగా ఆఫీసరుగారనీ, చాటుగా గుట్టుగారనీ అనేవారు. రోగుల వివరాలు బయటికి పొక్కకుండా చూడటం ఆయన ఉద్యోగం. అంతకుముందు స్టోర్సులో దూది, సిరంజిల లెక్క చూసేవాడు. కొత్త నిబంధనలొచ్చి, దీనికో ఆఫీసరు ఉండి తీరాలనేసరికి, డాక్టర్లకు తీరిక లేక, నర్సులు ఒప్పుకోక, చివరికి ఆయన్ని రెండు రోజుల శిక్షణకు పంపారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చేసరికి మెడలో కార్డు, చంకలో నిబంధనల పుస్తకం, నడకలో బిగువు. పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా కొరికిందట.

శిక్షణలో మొదటి రోజు, రోగి పేరు గోప్యమని చెప్పారు. అది బుర్రకెక్కింది. రెండో రోజు ఏం చెప్పారో ఆయనకే తెలియాలి. రాగానే, హాల్లో ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదని హుకుం జారీ చేశాడు.

"నంబర్లిద్దాం సార్," అంది కౌంటర్లో కూర్చునే అమ్మాయి.

"నంబరు పట్టుకుని పోతే పేరు దొరుకుతుంది. అప్పుడో?"

"మరి ఏమని పిలవమంటారు?"

"దేనికొచ్చారో దాంతోనే పిలవండి. రోగమన్నది లక్షమందికుంటుందమ్మా. పేరు ఒక్కరిదే!"

ఆ మాట అనేసి తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆ అమ్మాయి రోగాల జాబితా రాసి అటెండరు చేతికిచ్చింది. ఉద్యోగం కావాలంటే రాయాలి మరి.

మర్నాటి నుంచి ఆ హాలు చూసి తీరాల్సిందే. "మొలలు, మూడో గదికి!" "పిల్లలు పుట్టనివాళ్ళు లోపలికి రండి!" "విరేచనాలు ఎవరండీ? ఇద్దరున్నారా? ముందొచ్చిన విరేచనాలు లేవండి!" పిలిచే అటెండరుది మైకు అక్కర్లేని గొంతు. జనం తలలు దించుకుని చెప్పుల వంక చూసుకుంటూ వెళ్ళేవారు. కొందరు పరీక్షలే వద్దనుకుని ఇంటిదారి పట్టారు. గుట్టుగారు మాత్రం అద్దాల తలుపు వెనక నిలబడి, ఒక్క పేరైనా వినిపించనందుకు పొంగిపోయేవాడు. తలుపుకి తాళమేసి గోడ పడగొట్టుకున్నవాణ్ణి ఏమంటాం? ఇక్కడ ఆఫీసరు అన్నారు.

ఆయనకో వదిన ఉంది. తల్లి పోయాక ముక్కు చీది, అన్నం కలిపి పెట్టి పెంచింది ఆమే. అన్న మంచాన పడ్డాడు. ఒక పసిపిల్లల బడిలో ఆమె వంట చేస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నడుమ ఆమెకు టీబీ వచ్చింది. అక్క ఊరికి వెళ్తున్నానని బడిలో అబద్ధం చెప్పి, మందులన్నీ వదలకుండా మింగింది. నయమైంది. మళ్ళీ పనిలో చేరింది. చివరిసారి ఎక్స్‌రే తీయించుకోవాలంటే భయపడుతూ మరిది దగ్గరికొచ్చింది.

"ఒరే చిన్నోడా, ఈ సంగతి బడిలో తెలిస్తే నన్ను గుమ్మం తొక్కనివ్వర్రా. నయమైందన్నా వినేదెవరు? నిన్నే నమ్ముకున్నా."

"నీ పేరు ఈ గోడలు కూడా వినవు వదినా. పూచీ నాది."

మాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు. గోడలు పేరు వినలేదు.

"పాత టీబీ, ఎక్స్‌రేకి రావాలి!" అని అరిచాడు అటెండరు. ఆమె కదల్లేదు. నాలుగు కుర్చీల అవతల, మోకాలి నొప్పితో వచ్చిన బడి యజమానురాలు కూర్చుని ఉంది. "పాత టీబీ! ఆ మూల గొడుగు పట్టుకున్న పాత టీబీ, మిమ్మల్నేనండీ!" హాలంతా అటు తిరిగింది. యజమానురాలు కూడా తిరిగింది.

ఆవిడ చెడ్డదేం కాదు. మర్నాడు వంటగది గుమ్మంలోనే ఆపి, "తగ్గిపోయిందని డాక్టరు రాసిచ్చిన కాగితం తెచ్చుకోండి, పనిలోకి రండి. పసిపిల్లలు కదా, నన్ను తప్పు పట్టకండి," అంది.

ఎక్స్‌రే చూసి తగ్గిందని డాక్టరు రాసిన కాగితం మరిది గదిలోనే ఉంది; వదిన పరుగున అక్కడికొచ్చింది. ఆయన పుస్తకం తెరిచాడు.

"రోగి వివరాలు మూడో మనిషికి ఇవ్వకూడదు వదినా."

"మూడో మనిషికి ఎవరిమ్మన్నార్రా? నాకివ్వు."

"నీకిస్తే నువ్వు వాళ్ళకి చూపిస్తావు. వాళ్ళకిచ్చినట్టే కదా?"

రోగి తన కాగితం తనడిగితే ఇచ్చి తీరాలని ఆ పుస్తకంలోనే ఉంది. తెరవడం తప్ప చదవడం తెలియనివాడి చేతిలో అదెంత లావుంటే ఏం లాభం!

"రోగాన్నేమో హాలంతా వినిపించావు. తగ్గిన సంగతి మాత్రం గుట్టా?"

"పేరు చెప్పలేదుగా వదినా!" అన్నాడు, నొచ్చుకుంటూ.

ఆమె నేరుగా హాల్లోకి వెళ్ళి, అటెండరుని పక్కకి జరగమని, వాడి చోట నిలబడి ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పింది.

"నిన్న పాత టీబీ అని పిలిచింది నన్నేనండీ. నాకు తగ్గిపోయింది. తగ్గిందన్న కాగితం ఆ గదిలో ఉంది. నేను పెంచిన మరిది దాని మీద కూర్చున్నాడు. ఇవ్వడట!"

ఓ ముసలాయన లేచి, "మొలలు నేనేనమ్మా. ఇదెక్కడి అన్యాయం, ఇవ్వమనండి!" అన్నాడు. "విరేచనాలు ఇక్కడ. ఇవ్వాల్సిందే!" అంది ఇంకో గొంతు. ఆ గోలకి డాక్టరు బయటికొచ్చింది. సంగతి విని, నిలబడ్డచోటే ఇంకో కాగితం రాసి, సంతకం చేసి ఇచ్చింది. "డాక్టరుగారూ, నిబంధన..." అంటూ గుట్టుగారు అడ్డొస్తే, "ఆమె ఒళ్ళు, ఆమె కాగితం. తప్పుకోండి," అంది.

మెట్ల దాకా వెంటబడ్డాడు. "నలుగురిలో నా పరువు తీశావు కదా వదినా!"

"నీ పేరు చెప్పలేదుగా," అని ఆమె బడి వైపు నడిచింది.

యజమానురాలు మాట తప్పలేదు, పనిలోకి రానిచ్చింది. కానీ మొన్న హాల్లో కూర్చున్నవాళ్ళలో ఆ బడి పిల్లల తల్లులూ ఉన్నారు. మాట గేటు దగ్గర ఒకరి నుంచి ఇంకొకరికి పాకింది. పిల్లలు ఇంటి నుంచే అన్నం డబ్బాలు తెచ్చుకోవడం మొదలైంది. వదిన వండిన గిన్నెలు వండినట్టే ఉండిపోతున్నాయి. ఆమె గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క తల్లికీ కాగితం చూపించింది. అందరూ చదివారు, పాపం అన్నారు, డబ్బా పిల్లల చేతికిచ్చి వెళ్ళారు.