తొక్కు... పట్టు... ఇడువు

సంఘం అక్కలందరికి దండాలు. నా రాత వంకర టింకరగ ఉంటది. ఐదో తరగతి నడుమల్నే బడి ఇడిసిన. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పడితే నవ్వకుండ దిద్దుకొని చదువుండ్రి. బండ్లు బాగుచేసే మా షెడ్డుల కూసోని రాస్తున్న గనుక కాగితం మీద గ్రీజు మరకలు కూడ ఉంటయి, ఏమనుకోకుండ్రి.

మా అత్త పోయింది. శుక్రవారం పొద్దుగాల చాయ్ తాగుతనని మంచం మీద లేచి కూసున్నది. గ్లాసు అందుకోకముందే పక్కకు ఒరిగింది. దవాఖానకు తీస్కపోయేటంత సేపు కూడ మాకు ఇయ్యలేదు. మీటింగుల ఆమె గురించి రెండు మాటలు చెప్పుమని లీడరక్క నన్ను అడిగింది. నలుగురిల నిలవడితే నా గొంతుల నుంచి మాట రాదని మీకు తెలుసు. అందుకే రాసి ఇస్తున్న. ఎవరన్న ఒకరు పైకి చదువుండ్రి.

శవం ఇంట్ల ఉండంగనే మీల ఒక అక్క నా చెవుల అన్నది, "పీడ ఇరగడయింది పిల్లా, ఇగ నువ్వు నిమ్మలంగ ఊపిరి పీల్చుకో" అని. ఆ అక్క మీద నాకు కోపం లేదు. మా అత్త మీటింగుల కుర్చీ ఇసిరితే తాకింది ఆమె మోకాలికే. నేను అప్పుడు జవాబు చెప్పలేకపోయిన. గిదే ఆ జవాబు.

మా అత్త కొట్టేది. ఆ మాట దాచి ఆమెను దేవతను చెయ్యను. చేతికి పానా దొరికితే పానా, చెప్పు దొరికితే చెప్పు. పెండ్లయి నేను ఆ గడప ముందట నిలవడ్డ రోజు, కరీంనగర్ రోడ్డు మీద ఒక లారీ డ్రైవర్ ఎనుక టైర్ లీవర్ పట్టుకొని ఉరుకుతున్నది. వాడు బ్రేకులు ట్రయల్ చూడకుండ బండి తీస్కపోతనన్నడట. వాని వీపు మీద రెండు ఏసి, రొప్పుకుంట తిరిగొచ్చి, లీవర్ ఇంక చేతుల ఉండంగనే నాతోని అన్నది, "ఏం చూస్తున్నవే? కుడికాలు పెట్టు."

మా మామ మెకానిక్. బ్రేకు పైపులల్ల గాలి చేరితే తియ్యనీకె ఇద్దరు కావాలె. ఒకరు సీట్ల కూసోని పెడల్ తొక్కి పట్టాలె. ఇంకొకరు కింద చక్రం కాడ నట్టు ఇప్పి, గాలిని బైటికి ఇడిసి, మల్ల బిగియ్యాలె. కింద మామ, పైన అత్త. నా పెండ్లికి ముందే మామ పోయిండు. ఇగ కింద మా ఆయన, పైన అత్తనే. ఉత్తకాలుతోనే తొక్కేది. కండ్లు మూసుకొని, బియ్యం ఉడికిందా లేదా అని మెతుకు నలిపి చూసినట్టు చూసేది. "మెత్తగ దిగితే లోపల గాలి ఉన్నది. పట్టినంక మెల్లమెల్లగ జారితే యాడనో కారుతున్నది. ఒక్క తొక్కుకు ఆగక రెండో తొక్కుకు ఆగితే, ఆ బండి రోడ్డు ఎక్కొద్దు." గివి ఆమె నోట్లె రోజు ఉండే మాటలు. ఇంకొకటి కూడ అనేది. "బండి నడువకుంటె నష్టం ఓనరుకు. ఆగకుంటె నష్టం ఎవలకో. వాళ్ల పేరు కూడ మనకు తెల్వది."

నేను కాపురానికి వచ్చిన ఏడాదే జగదేవ్‌పూర్ దిక్కు నుంచి ఒక పటేల్ పాత తెల్లకారు తెచ్చిండు. నా కన్న పెద్ద వయసు దానిది. పెడల్ తొక్కితే కింది దాక పోతున్నది. మా ఆయన చూస్తే ఎడమ దిక్కు ఎనక చక్రం లోపల బ్రేకు ఆయిల్ కారుతున్నది. దానికి ఏసే కొత్త సామాను సిద్దిపేటల దొరకలేదు, పట్నం నుంచి రావాలె. పటేలుకేమో తెల్లారి కొండపాకల లగ్గం ఉన్నది. కారు కావాలని ఫోన్ల మీద ఫోన్లు.

నేను చాయ్ ఇయ్యబోయిన. మా ఆయన ఆ చక్రానికి పోయే ఆయిల్ పైపును కోసి, కొస మడిచి, సుత్తెతోని నలగ్గొడుతున్నడు. అట్ల మూస్తె కారుడు బందయితది. పెడల్ రాయి తీరు గట్టిపడ్తది. కాని ఆ ఒక్క చక్రానికి బ్రేకు ఉండదు. నన్ను చూసి, "అవ్వకు చెప్పకు. అందరు చేసేదే" అన్నడు.

పొద్దుమీకేటప్పుడు అత్త వచ్చి కారెక్కింది. తొక్కింది. పట్టింది. కండ్లు తెరిచింది.

"ఏందిరా, ముసలి బండికి గింత పడుచు పెడల్ ఏంది?"

"కొత్త ఆయిల్ పోసిన అవ్వా."

"ఆయిల్ పోస్తె ముసల్ది పడుచయితదా? నాకు కూడ ఒక సీసా పొయ్యి."

మా ఆయన నవ్విండు. ఆమె నవ్వలేదు. దిగి నా దిక్కు చూసింది. "ఏ పిల్లా, చాయ్ తెచ్చినప్పుడు నువ్వేం చూసినవు?"

మా ఆయన నన్నే చూస్తున్నడు. చెప్తె ఏమైతదో నాకు ఎరుకే, నెల కింద కూర ఉప్పయిందని ఆయన కొట్టిన దెబ్బలు ఇంక పచ్చిగనే ఉన్నయి. చెప్పకుంటె ఆ కారుల ఎవరు కూసుంటరో ఎరుక లేదు. పోయి ఎడమ దిక్కు ఎనక టైరు మీద చెయ్యి పెట్టిన.

మా ఆయన నా చెంప మీద కొడ్తె తల పోయి బండి రేకుకు తాకింది. రెండోది మూతి మీద. పన్ను పెదవిల దిగి నోరంత రక్తమైంది.

మా అత్త గొంతు చించుకొని ఒర్రితె నాకు అలవాటే. ఆమె ఒర్రలేదు, అప్పుడు భయమైంది. కొడుకు మెడ పట్టుకొని సామాన్ల బల్ల దాక గుంజుకపోయింది. బల్లకు ఇనుము పట్టుకునే వైసు బిగిచ్చి ఉంటది. కొట్టిన చేతి వేళ్లు దాంట్ల పెట్టి పిడి తిప్పింది. మా ఆయన గుంజుకుంటె గుంజుకోవచ్చు, ఆమె కన్న బలమున్నోడు. గుంజుకోలేదు. ఆమె ఇంకొక సుట్టు తిప్పింది. ఎముక పటుక్కుమన్నది నాకు ఇనవడ్డది.

"పైపు మూసింది గీ చెయ్యేనా?"

"అవునవ్వా."

"పిల్లను కొట్టింది గీ చెయ్యేనా?"

"ఇడువవ్వా, సస్త!"

"సావు. ఒక్కనివే సావు. బండి నిండ మందిని ఎంటేసుకపోకు."

గప్పుడే పటేల్ ఆటోల దిగిండు. ఆటోల ఆయన బిడ్డ, ఆమె సంకల చంటిపిల్ల. అవ్వాకొడుకులను చూసి ఆయన, "మీ ఇంటి పంచాది మీరు చూసుకోండ్రి, నా తాళం నాకు ఇయ్యుండ్రి" అన్నడు.

అత్త వైసు ఇప్పి కొడుకు చెయ్యి ఇడిసింది. "బండి కాలేదు పటేలా."

"స్టార్ట్ అయితున్నది కాదే?"

"స్టార్ట్ అయితది. ఆగది."

"ఏ ముసల్దానా, నాకే నేర్పుతవా? తెల్లారితె లగ్గం ఉన్నది."

"పో మరి. లగ్గం తిండి తినవు, నీ పిండం తింటవు."

తాళం బండికే ఉన్నది చూసి, ఆయన ఆమెను రెండు చేతులతోని కింద పడేటట్టు నూకి కారెక్కిండు. అత్త లేచి గేటు కాడికి పోయి నిలవడ్డది. అక్కడ గోడ కట్టనీకె తెచ్చిన ఇసుక పరిచి ఉన్నది. "పో పటేలా, ఆపను. గేటు దాటకముందు గీ ఇసుకల ఒక్కపారి గట్టిగ తొక్కి పో. మొగోనివైతె తొక్కు."

ఆయన పంతానికి ఉరికిచ్చి తొక్కిండు. కారు ముక్కు కుడి దిక్కు గిర్రున తిరిగి, కాలిన ఆయిల్ డ్రమ్మును గుద్ది, షెడ్డు గోడకు తలిగి ఆగింది. డ్రమ్ము పొర్లి నల్లటి ఆయిల్ షెడ్డంత పారింది. పటేల్ నొసలు పలిగింది. ఆటోల చంటిపిల్ల కెవ్వుమన్నది.

ఆయన దిగంగనే వచ్చి మా అత్త మూతి మీద గుద్దిండు. కింద పడ్డంక కడుపుల తన్నిండు. "బండి కరాబు చేసి నన్నే సంపుతవానే?" అనుకుంట మల్ల తన్నిండు. మా ఆయన నలిగిన చెయ్యి చంకల పెట్టుకొని, ఎడమ చేతితోని జాకీ రాడ్ ఎత్తిండు. దించితే పటేల్ తల రెండయేది.

"ఆగురా!" అన్నది అత్త కింది నుంచే. "ముందుగాల ఆయనను ఇటు చూడనియ్యి." పటేల్ కాలు రెండు చేతులతోని పట్టుకొని ఇడువలేదు. నోట్లె నెత్తురు ఊంచితె ముందటి పన్ను ఇసుకల పడ్డది. "తన్నుదువు గని ఆగు పటేలా. గీ ఇసుక చూడు. మూడు చక్రాలు పట్టుకొని గీసినయి. గా ఎడమది చూడు, గుడ్డ మీద అద్దినట్టు టైరు ముద్రలు ఏసుకుంట పోయింది. దానికి బ్రేకే లేదు. నా కొడుకు మూసిండు."

కొడుకు తప్పును బజార్ల పెట్టి చెప్పింది, పన్ను ఊడిన నోటితోని.

పటేల్ బిడ్డ ఆటో దిగి వచ్చింది. వంగి ఆ ముద్రలు చూసింది. సంకల పిల్లను ఇంక గట్టిగ పట్టుకొని, "నాయినా, తెల్లారి మమ్ముల్ని గీ కారులనేనా తీస్కపోదువు?" అన్నది. ఆయన కాలు కిందికి దిగింది. పాత టైరు మీద కూసున్నడు, నెత్తురు కండ్లల్లకు కారుతుంటె తుడుసుకోలేదు. ఆ బిడ్డనే నీళ్ల సీసా తెచ్చి మా అత్త మూతి కడిగింది.

లగ్గానికి వాళ్లు బస్సుల పోయిన్రు. మరునాడు సామాను వచ్చింది. మా ఆయన కుడిచేతికి కట్టు, ఎడమ చేతితోని పని. అత్త కడుపు నొప్పికి లేవలేక మంచం షెడ్డుల ఏపిచ్చుకొని పండుకున్నది. "పిల్లా, ఎక్కు" అన్నది. నేను కారు సీట్ల కూసునుడు అదే మొదలు. చెప్పుల కాలు పెడల్ మీద పెట్టిన్నో లేదో, మంచం మీదికెల్లే పానా ఇసిరింది. తెరిచిన డోర్లకెల్లి వచ్చి మోకాలు కింద తాకింది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"చెప్పులు ఇడువు. చెప్పుల కాలు గుడ్డిది. తొక్కు. పట్టు. ఇడువు. మల్ల తొక్కు. కాలు కింద ఏమున్నది?"

"మెత్తగున్నది అత్తమ్మా."

"నాకు కాదే, కిందున్నోనికి ఇనవడాలె. నీ మాట మీద వాడు నట్టు ఇప్పుతడు."

"మెత్తగున్నది!" అని ఒర్రిన. నా గొంతు రోడ్డు అవతలికి ఇనవడుడు కూడ అదే మొదలు. బండి కిందికెల్లి మా ఆయన, "మల్ల తొక్కు" అన్నడు. తొక్కిన. పట్టిన. పైపులకెల్లి గాలి బుసబుసమని పోయింది. శాన సేపటికి పెడల్ నా కాలు కింద గట్టిపడ్డది. అత్త అక్కడనే నిద్రపోయింది.

మా ఆయన రెండు వేళ్లు ఇప్పటికి సక్కగ ముడువయి. ఆ చెయ్యి నా మీదికి మల్ల లేవలేదు. పైపులు మూసుడు కూడ బందయింది. గది భయమో, సిగ్గో నేను అడుగలేదు. అత్త మాత్రం మారలేదు. తరువాత కూడ నన్ను తిట్టింది, కొట్టింది. ఆ దెబ్బలు మంచివని నేను అనను. నా మోకాలు కింద మచ్చ ఉన్నది, చలికాలం గుంజుతది. కాని నా మాట మీద ఒకరు నట్టు ఇప్పుతరని చెప్పింది ఆమె ఒక్కతే.

ఇగ శవం లేవనీకె ఎందుకు ఆలస్యమైందని మీరు అడిగిన్రు. మందిల మీకు సక్కగ కనవడలేదు, చెప్తున్న. శవాన్ని తీస్కపోయే వైకుంఠ రథం మా గల్లీలకు వచ్చినప్పుడు నేను ఏడ్సుకుంటనే డ్రైవర్ మోకాలు చూసిన. ఒక్క తొక్కుకు ఆగలేదు. రెండో తొక్కుకు ఆగింది. మా గల్లీ నుంచి రోడ్డు దాక దిగుడే. అత్తను ఎక్కిచ్చిన్రు, చుట్టాల మగోళ్లు ఎక్కుతున్నరు. మా ఆయన తడిబట్టల మీద నిప్పుకుండ పట్టుకొని ముందట నిలవడ్డడు.

నేను పోయి, "బండి పోవద్దు" అన్న.

మా చిన్నమామ నా మీదికొచ్చిండు. "శవం ఎక్కినంక ఆపుతవా? నీకేమన్న సోయున్నదా?"

మా ఆయన నా దిక్కు తిరిగిండు. "ఎన్ని తొక్కులకు ఆగింది?"

"రెండు!" ఆ మాట ఏడ్చేటోళ్లందరికి ఇనవడ్డది.

ఆయన నిప్పుకుండ అరుగు మీద పెట్టిండు. చిన్నమామ ఆయన మెడల తువ్వాల పట్టి గుంజిండు. "అవ్వ నోరు మూసుకున్నంక పెండ్లాం నోరు లేచిందిరా నీకు!" మా ఆయన ఒక్క నూకుడు నూకితె చిన్నమామ పోయి పూలదండల మీద పడ్డడు. కొందరు మా ఆయనను పట్టిన్రు, కొందరు చిన్నమామను. నలుగురి నడుమ అంగి చినిగిపోంగ మా ఆయన పానా అందుకొని బండి కిందికి పోయిండు. నేను డ్రైవర్‌ను దిగుమన్న, ఆయన దిగిండు. చెప్పులు ఇడిసి ఎక్కిన.

నా ఎనుక అత్త పండుకొని ఉన్నది. కింద ఆయన ఉన్నడు.

"తొక్కు" అన్నడు. "పట్టు. ఇడువు." నేను ఒర్రి చెప్పిన, మెత్తగున్నది, ఇంక మెత్తగున్నది అని. బైట తిట్టేటోళ్లు మెల్లగ సప్పుడు బంద్ చేసిన్రు. అరుగు మీద నిప్పుకుండ పొగ అద్దంల కనవడుతున్నది. పెడల్ గట్టిపడ్డప్పుడు నాకు ఎనుకకు తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. కాలు తీస్తె మల్ల తొక్కాలె.

బండి కదిలింది. గల్లీ మలుపు కాడ ఎదురుంగ ఒక పిల్లగాని సైకిల్ వచ్చింది. డ్రైవర్ ఒక్కటే తొక్కు తొక్కిండు. ఆగింది. అందరు పోయినంక, మీరు ఇండ్లల్లకు తానాలకు పోయినంక, నేను అక్కడికి పోయి చూసిన. దుమ్ముల రెండు దిక్కుల గీతలు సమానంగ ఉన్నయి. వాటి మీద పేలాలు, బంతిపూల రెక్కలు పడి ఉన్నయి. ఊడ్వబుద్ధి కాలేదు.

అక్కా, చదివినంక గీ కాగితం సంఘం పెట్టెల దాచకుండ్రి. పైపు మూసిన ఆ పాత ముచ్చట బైట పడితే మా షెడ్డుకు ఎవరు బండి తెస్తరు? పొయ్యిల ఏసి కాల్చుండ్రి, కాలేదాక ఆడనే ఉండి చూడుండ్రి. గ్రీజు అంటిన కాగితం, జల్దినే అంటుకుంటది.