పోచమ్మ ముఖం

ఫిల్మ్ నగర్ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒక్క నిమిషం కుదురుగా లేదు. ఫోన్‌లో ఏదో రాస్తుంది, చెరిపేస్తుంది. నేను ముసలితనంలో అక్షరాలు నేర్చినదాన్ని, ఎక్కడ తెలుగు కనిపించినా కూడబలుక్కుంటాను. ఆమె రాసింది ‘పోచమ్మ తల్లి బొమ్మ’ అని.

ఫోన్‌లో వచ్చిన బొమ్మ చూస్తే బంగారు కిరీటం, తెల్లని ఒళ్లు, ఎర్రని పెదవులు.

“ఎవరామె, హీరోయినా?” అన్నాను.

ఆమె నవ్వలేదు. ఆదివారాలు పిల్లలకు మన దేవుళ్ల గురించి పాఠాలు చెబుతుందట, బొమ్మలన్నీ ఏఐతో గీయిస్తుందట.

“పోయిన వారం ఒక పాప మా దేవత పోచమ్మ అందండీ. అది ఉత్త రాయేగా అని మిగతా పిల్లలు నవ్వారు. పాప ఏడ్చింది. ఇవాళ బొమ్మ చూపిస్తానన్నాను. చూపించకపోతే ఇక క్లాసుకి రాదండీ.”

“రాయే బిడ్డా. పసుపు, కుంకుమ, వేపాకు. గదే చెప్పు నీ ఫోన్‌కు.”

చెప్పింది. ఈసారి రాయే వచ్చింది గాని, దానికీ పెదవులకు రంగు పూసి ఉంది. ఆమె దిగే స్టాపు దగ్గరపడుతోంది.

“అసలు ముఖం ఎలా ఉంటుందమ్మా? నవ్వుతూ ఉంటుందా, కోపంగా ఉంటుందా?”

మా వాడకట్టు పోచమ్మకు ఏటేటా నీళ్లు పోసినదాన్ని. ఆ ముఖం గుర్తు తెచ్చుకోబోయాను.

“ఏమో బిడ్డా. మొక్కేటప్పుడు కండ్లు మూసుకుంటం గద.”

ఆమె ఫోన్ సంచిలో పడేసింది.

“ఆ పాప చేతనే గీయిస్తాను,” అంటూ దిగిపోయింది.

పాప ఏం గీసిందో నాకు తెలియదు. నాకు మాత్రం అప్పటి నుంచి ఆ తల్లి ముందు నిలబడితే కళ్లు మూతపడటం లేదు.