నా సిఫార్సు నేనే రాసుకున్నాను

తుని బజార్లో మాది కిరాణా కొట్టు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేస్తూ, అణ్వాయుధాలు కొత్త దేశాల చేతికి పోకుండా కాపు కాసే పనిలోకి వెళ్తానని నేనంటే, కొట్టుకొచ్చే వాళ్లందరికీ వేళాకోళమైపోయింది. బాంబు ఎప్పుడు చేస్తావమ్మా అని అడిగేవారు. చేయడం కాదండి, చేయనివ్వకుండా చూడడం అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టేది.

ఆ పనిలోకి వెళ్లడానికి నాకు కనిపించిన దారి ఒక్కటే. ఢిల్లీలో ఒక సంస్థ ఇచ్చే ఏడాది ఫెలోషిప్. ఆశలన్నీ దాని మీదే పెట్టుకున్నాను. ఒక దేశం తన దగ్గర ఇంత యురేనియం ఉందని చెబితే, అది నిజమో కాదో ఎలా పట్టుకోవాలన్నదే నా ప్రాజెక్టు. మా కాలేజీలో దాని గురించి తెలిసినవాళ్లు లేరు. పుస్తకాలు నేనే వెతుక్కున్నాను, ఎక్కడెక్కడి పెద్దవాళ్లకో మెయిళ్లు నేనే పెట్టుకున్నాను.

దరఖాస్తుతో పాటు గైడ్ సిఫార్సు ఉత్తరం కావాలన్నారు. రాజమండ్రిలో కాలేజీకి వెళ్లి మా గైడ్ సార్‌ని అడిగాను.

"నువ్వే రాసుకుని పట్టుకురామ్మా, సంతకం పెట్టేస్తాను," అన్నారు.

మా దగ్గర అందరూ చేసేది అదే. వింతగా ఏమీ అనిపించలేదు.

రాయడానికి కూర్చున్నాక తెలిసింది అసలు బాధ. ఇంత తెలివైన విద్యార్థినిని నేను చూడలేదు అని టైపు చేసి, సిగ్గుతో చచ్చిపోయాను. సార్ చదివితే ఏమనుకుంటారు? ఈ పిల్లకెంత పొగరు అనుకోరూ? గొప్పలు చెప్పుకుంటే మా ఇంట్లో ఊరుకునేవారు కాదు. ఒక్కొక్క మాటే చెరిపేశాను. క్రమశిక్షణ గలది, వినయం గలది, ప్రాజెక్టు సంతృప్తికరంగా పూర్తి చేసింది. చివరికి మిగిలినవి ఇవీ. నా ఖర్మ కాకపోతే, అంత కష్టానికి సంతృప్తికరమేంటి!

సార్ ఫోన్లో పెనుగొండ గుడికి కారు మాట్లాడుకుంటూ, ఒక్క ముక్క చదవకుండా సంతకం పెట్టేశారు. ఎవరు చదువుతారని అంత కుంచించుకుపోయానో ఆ మనిషే చదవలేదు. అక్కడికక్కడే స్కాన్ చేయించి తన మెయిల్ నుంచి పంపించారు.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. ప్రాజెక్టు గురించి బాగానే చెప్పాను. తర్వాత ఇంటర్వ్యూ చేసేవాళ్లలో ఒక పెద్దావిడ ఆ ఉత్తరం చూస్తూ, ఇంత పని చేసిన అమ్మాయి మీద గైడ్‌కి పెద్దగా నమ్మకం లేనట్టుందే, ఎందుకని అని అడిగారు. రాసింది నేనేనని ఎలా చెప్పను? ఎదుటివాళ్లు చెప్పింది నిజమో కాదో తేల్చే ఉద్యోగమాయె. మా సార్ ఎవరినీ ఎక్కువగా మెచ్చుకోరని అబద్ధమాడాను.

ఫెలోషిప్ రాలేదు.

తర్వాత సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్తే సార్ ఎదురయ్యారు. రాలేదని చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"నీ గురించి అంత బాగా రాసిచ్చాను కదమ్మా. ఇంటర్వ్యూలో నువ్వే సరిగ్గా చెప్పుకోలేకపోయుంటావు."

"అవునండి," అన్నాను.