తాళం తీసిన చెయ్యి

ఫోన్లు బాగుచేసే అతన్ని ఆ వీధిలో అందరూ తాళంచెవి అనేవారు. పేరు ఊరికే రాలేదు. ఒక కంపెనీ ఫోన్లలో ఏ యాప్ కావాలన్నా ఆ కంపెనీ దుకాణంలోనే తీసుకోవాలి, బయటి సరుకు గడప తొక్కదు. అతను ఆ తాళం ఊడబీకి, ఎవరికి కావలసింది వాళ్ళకు వేసి ఇచ్చేవాడు.

మొదట తీసింది తల్లి ఫోనుకే. చూపు పోయిన ఆవిడకు మందుల పేర్లు చదివి వినిపించే యాప్ ఒకటి ఉండేది. కొత్త ఫోను కొనేసరికి కంపెనీ దాన్ని దుకాణంలోంచి తీసేసింది. ఆ వారమే ఆవిడ ఒక మాత్రకు బదులు ఇంకొకటి మింగి, కళ్ళు తిరిగి మెట్ల మీంచి పడి, తుంటి విరగ్గొట్టుకుంది.

"ఫోను మనది, పెత్తనం వాడిదా? ఇల్లు అమ్మినవాడు వంటింట్లో పీట వేసుక్కూర్చున్నట్టుంది" అనేవాడు అతను.

"నువ్వు తెరిచిన గుమ్మంలోంచి చుట్టాలే వస్తారని ఏముంది?" అనేది భార్య.

ఒక మధ్యాహ్నం ఒక లారీ డ్రైవరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట.

"మా ఆవిడ ఫోనండీ. పిల్లని తీసుకుని ఒక్కతే తిరుగుతుంటుంది. ఎక్కడుందో తెలిస్తే నాకు ధైర్యం. అది చూపించే యాప్ ఒకటి తనకి కనపడకుండా వెయ్యండి, లేకపోతే ఊరికే కంగారుపడుతుంది."

'కనపడకుండా' అన్నచోట తాళంచెవి చేతులు ఒక్క క్షణం ఆగాయి. వెనక ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. పావుగంటలో పని ముగించాడు.

పద్దెనిమిదో రోజున ఆ ఇల్లాలు పిల్లతో ఇల్లు వదిలి, తాను పనిచేసే లాండ్రీ వెనకగదిలో తలదాచుకుంది. ఆ సంగతి తమ్ముడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. డ్రైవరు నేరుగా ఆ గదికే వచ్చాడు. బల్లమీద కాలుతున్న ఇస్త్రీపెట్టె తీసి ఆమె ముఖానికి అదిమాడు. చేతులు అడ్డం పెడితే చేతులు కాలాయి. కింద పడితే బూటుకాలితో తన్నాడు. లాండ్రీవాళ్ళు అతన్ని లాగి పడేసేలోపు మూడు పక్కటెముకలు విరిగాయి, ఎడమకన్ను పోయింది. పిల్ల దుప్పట్ల మూట వెనక నుంచి అంతా చూసింది.

మర్నాడు ఆమె తమ్ముడు దుకాణంలోకి వచ్చాడు. తాపీమేస్త్రీ. చేతిలో సుత్తి ఉంది.

"మా అక్క ఫోనులో అది వేసింది నువ్వేనా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "నేనే" అన్నాడు తాళంచెవి.

మేస్త్రీ అతని కుడిచేతిని గాజుబల్ల మీదికి లాగి కొట్టాడు. మొదటి దెబ్బకు గాజు పగిలింది. రెండోదానికి ఎముక పగిలింది. మూడోది ఎక్కడ తగిలిందో అతనికి తెలియలేదు, అప్పటికే వాంతి చేసుకుంటున్నాడు. వీధి వీధంతా గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్కరూ లోపలికి రాలేదు. రానందుకు అతనికి కోపం రాలేదు.

ఆసుపత్రికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"మేస్త్రీ మీద కేసు పెడతావా?"

"వద్దు సార్. నేను చేసింది రాసుకోండి."

"డ్రైవరు అంతకుముందు వేరే యాప్ వాడాడయ్యా. కుటుంబ భద్రత అని పేరు. సాక్షాత్తూ కంపెనీ దుకాణంలోదే."

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది తాళంచెవికి. "అయితే నేను వెయ్యకపోయినా..."

"అది ఆవిడకి కనపడేది. చూసి తీసేసింది. అందుకే నీ దగ్గరికొచ్చాడు."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆరునెలలు జైల్లో ఉండి వచ్చేసరికి కుడిచేతి వేళ్ళు రెండు వంగడం మానేశాయి. నేరుగా లాండ్రీకి వెళ్ళాడు. ఆమె ఒంటికన్నుతో బట్టలు మడతపెడుతోంది. చెంప మీద చర్మం ముడుచుకుపోయి ఉంది.

"క్షమించమని అడగడానికి రాలేదమ్మా."

"మంచిపని. క్షమించను కూడా." ఆమె ఫోను తీసి బల్లమీద పెట్టింది. "ఇది కొత్తది. అయినా నిద్ర పట్టట్లేదు. లోపల ఏమన్నా ఉందేమో చూడండి."

"అది చూసే యాప్‌ని కంపెనీ తన దుకాణంలో ఉండనివ్వదమ్మా. చూడాలంటే మళ్ళీ తాళం తియ్యాలి."

ఆమె ఫోనును అతని ముందుకు జరిపింది.

"తియ్యండి. నా ముందే. ఏది నొక్కుతున్నారో చెప్తూ నొక్కండి."

ఎడమచేత్తో గంటపైన పట్టింది. లోపల ఏమీ లేదు. ఆమె దాన్ని రెండోసారి కూడా వెతికించి, తాళం మళ్ళీ వేయించుకుని, ఇక వెళ్ళమంది.

అతను దుకాణం తిరిగి తెరిచాడు. ఫోను ఎవరిదో వాళ్ళే వచ్చి ఎదురుగా కూర్చోవాలన్నాడు. మొదటివారంలోనే ఒక పెద్దమనిషి భార్య ఫోనుతో వచ్చి, కాదనిపించుకుని, స్టూలు ఎత్తి అతని ముఖాన కొట్టాడు. కనుబొమ మీద ఐదు కుట్లు పడ్డాయి. మర్నాడు పొద్దున్నే తాళంచెవి కట్టుతోనే షట్టరెత్తాడు.