అమ్మీ చూసే పేజీ నంబర్లు

నాకు పదేళ్లప్పుడు... చీరాలలో మా వరండాలో అమ్మీ చొక్కాలకు కాజాలు కుడుతుంటే, పక్కన కూర్చుని నవల చదివి వినిపించడం నా పని. అబ్బాజాన్‌ది టైలరింగు కొట్టు. కాజాలు, బొత్తాలు అన్నీ అమ్మీ చేతి మీదే నడిచేవి. అమ్మీకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. అంకెలు మాత్రం టేపు చూసి చూసి నేర్చుకుంది.

ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. నవల తెరిస్తే చాలు, అమ్మీ తెలుగులోకి మారిపోయేది. ఎందుకని అడిగితే, "కథలోవాళ్లకి మన మాట అర్థం కావద్దూ" అనేది.

అమ్మీకి ఒక్క రచయిత్రే కావాలి. పేరు చెప్పను... చెబితే ఎవరి అభిమాన రచయిత్రి గొప్ప అని కామెంట్లలో కొట్టుకుంటారు. అమ్మీ కూడా పేరు పెట్టి అనేది కాదు. "ఆవిడ", అంతే. "ఆవిడ మన వంటింట్లో నిలబడి రాసినట్టుంటది" అనేది.

అప్పట్లో పుస్తకాలన్నీ అద్దె కొట్టు నుంచే. ఊళ్లో అందరి చేతులూ తిరిగి, అట్ట మీద అట్ట వేసుకుని, టీ మరకలతో మా ఇంటికి వచ్చేవి. ఆఖరి పేజీలు ఉన్నాయంటే మన అదృష్టం.

ఆ ఎండాకాలం సెలవుల్లో ఒక నవల వారం రోజులు చదివాను. అందులో పిల్ల మొగుడితో పడలేక పుట్టింటికి వచ్చేసింది. అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు... పేజీ తిప్పితే ఏముంది, అట్ట. ఆఖరి పేజీలు ఎవరో చింపుకుపోయారు. అమ్మీ సూది ఆపి నా మొహంలోకి చూస్తోంది. వీధిలో తొక్కుడుబిళ్లకి రమ్మని పిల్లలు పిలుస్తున్నారు.

నేనేం చేశానంటే... అట్ట వంక చూస్తూ నాకు తోచింది చదివేశాను. అతను తప్పయిపోయిందన్నాడు, ఆమె కళ్లు తుడుచుకుంది, ఇద్దరూ కలిసి రిక్షా ఎక్కారు. అమ్మీ కళ్లనిండా నీళ్లు. నేను మాత్రం ఒక్క గెంతులో వీధిలో ఉన్నాను.

మర్నాడు కుళాయి దగ్గర అమ్మీ ఆ కథంతా అందరికీ చెప్పింది. పక్కింటి రవణమ్మత్త ఆ నవల ముందే చదివేసిందట. "అదేంది ఫాతిమా, ఆ పిల్ల మొహం మీదే తలుపేసింది గదా. రిక్షా ఎక్కడిది?" అని ఒకటే నవ్వు. బిందెలు పట్టుకుని ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఇంటికొచ్చి అమ్మీ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ఏ పేజీ దాకా ఆవిడది? ఎక్కడి నుంచి నీది?" అని అడిగింది. చూపించాను. ఆ నంబరు మీద వేలు పెట్టింది. "చదువు రానిదాన్ని... నువ్వేది చదివితే అదే నిజమనుకుంటా గదే" అంది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

ఆ రోజుతో మా ఇంట్లో రెండు రూల్సు వచ్చాయి. ఆవిడ కొత్త పుస్తకం వస్తే అద్దెకి తేవడం లేదు, కొనడమే. లైనింగు గుడ్డ కోసం విజయవాడ వెళ్లినప్పుడల్లా అబ్బాజాన్ పుస్తకాల షాపులో కూడా కనుక్కుని రావాలి. ఇక రెండోది... నేను పేజీ తిప్పగానే అమ్మీ సూది ఆపి నంబరు చూస్తుంది. నూట పది, నూట పదకొండు... ఆమె తల ఊపితేనే నేను ముందుకెళ్లాలి.

నాకు ఒళ్లు మండేది. కానీ ఇవాళ దేశం దాటొచ్చి వెస్ట్‌మీడ్‌లో, హాస్పిటల్ ల్యాబ్‌లో, రిపోర్టు మీద సంతకం పెట్టేముందు ప్రతి అంకె రెండుసార్లు చూసుకుంటున్నానంటే అది అమ్మీ పెట్టిన భిక్షే.

అమ్మీ ఇప్పుడు మాతోనే ఉంటోంది. పోయిన నెల గుండెకి ఆపరేషన్ అయింది. కళ్లలో శుక్లాలు, నంబర్లు ఆనడం లేదు. అందుకని ఆ డ్యూటీ నా కూతురు సనా తీసుకుంది. దానికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. అంకెలు వచ్చుగా, చాలు.

ఆవిడ కొత్త నవల పోయిన వారమే చేరింది, ఊరి నుంచి వస్తున్నవాళ్ల సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన. వెనక అట్ట మీద ఏం రాశారో కూడా నేను చూడలేదు. ఆవిడ పేరుంటే చాలు కొనేస్తాం.

ఆదివారం మా ఫ్లాట్ బాల్కనీలో ముగ్గురం కూర్చున్నాం. చదువుతుంటే నా కన్ను ముందుకి పరిగెత్తింది. కథలో పెద్దామెని ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారు. ఆమె తిరిగి రాదని కింది లైన్లలోనే తెలిసిపోయింది. పక్కన అమ్మీ, కుట్లు ఇంకా పూర్తిగా మానలేదు... మెల్లగా రెండు ఆకులు కలిపి తిప్పేశాను.

"మమ్, యూ స్కిప్డ్" అంది సనా, నంబరు మీద వేలు పెట్టి.

అమ్మీ కళ్లు మూసుకునే నవ్వింది. "ఏందే, ముసల్ది పోతుందా?"

నేను పుస్తకం మూయబోయాను.

"చదువమ్మా. నువ్వు రాసింది నీ చిన్నప్పుడే విన్నాగా... ఇప్పుడు ఆవిడ రాసింది విననీ."

వెనక్కి తిప్పి చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు. అమ్మీ చెయ్యి చివరిదాకా నా మోకాలి మీదే ఉంది.

చీరాలలో ఆ అద్దె కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపట. కథలన్నీ ఫోన్లోకి వచ్చేశాయి, ఎవరి చెవులకి వాళ్లే తగిలించుకుని వింటున్నారు... తప్పని అనను. ఈ పోస్టు ఆవిడ దాకా వెళ్తుందో లేదో తెలియదు. వెళ్తే మాత్రం, మీరు రాస్తూ ఉండండమ్మా, మా ఇంట్లో ముగ్గురం ఉన్నాం.

మరి మీకు ఎవరు చదివి వినిపించారు? లేదా నాలాగా... ఎవరికి పేజీలు ఎగ్గొట్టారు? దాచకుండా చెప్పండి.