నలభై ఒక్క సెకన్లు

పోర్ట్ బ్లెయిర్‌లో ఇప్పుడు వెబ్‌సైట్లు చేసేవాళ్ళు వీధికి ఇద్దరున్నారు గానీ, పదిహేనేళ్ళ కిందట జంగ్లీఘాట్ మొత్తానికి గౌతమి ఒక్కతే. చేపలమ్మే తవిటమ్మ కూతురు కంప్యూటరు ముందు కూర్చుని ఏం చేస్తుందో అప్పట్లో ఎవరికీ అంతుపట్టేది కాదు. "బొమ్మలేత్తాదట" అనేవాళ్ళు. తవిటమ్మ మాత్రం గంప నెత్తినెట్టుకుని, "మా పిల్ల దుకాణాలకి బోర్డులు కడతాది, ఆకాశంలో" అని గొప్పగా చెప్పుకునేది. అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు చెప్పండి!

ఈ దీవుల్లో ఆ రోజుల్లో నెట్ గురించి చెప్పుకుంటే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. ఒక ఫొటో తెరుచుకునేలోపు టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించేయొచ్చు. మెయిన్‌లాండ్‌లో అప్పుడు మెరిసే అక్షరాలూ గిర్రున తిరిగే బొమ్మలూ ఫ్యాషను. పక్క దీవిలోని రంగత్‌లో లాడ్జి నడిపే ఒకాయన తనకీ అలాంటిదే కావాలని పట్టుబట్టాడు. గౌతమి చేసిచ్చింది. వారమైనా ఆయన లాడ్జి బొమ్మ ఆయనకే పూర్తిగా కనబడలేదు. ఆయన తిట్టిన తిట్లకి గౌతమికి కళ్ళు తెరుచుకున్నాయి.

అప్పుడు దారి చూపించింది తండ్రి అప్పయ్య. శ్రీకాకుళం తీరం నుంచి తాతల నాడు వచ్చిన గంగపుత్రుల కుటుంబం వాళ్ళది. అప్పయ్యకి సముద్రం తప్ప మరోటి తెలీదు. "పడవలోకి ఏదెక్కించినా, ఇది నేకపోతే సత్తామా అని అడగాల. సావమంటే ఒడ్డునే వదిలీయాల" అన్నాడు. గౌతమి ఆ మాటనే పట్టుకుంది. ముందు మాట రావాలి, బొమ్మ తర్వాత రావాలి, అక్కర్లేనిది అసలు రాకూడదు. ఆమె చేసిన పేజీలు అగ్గిపెట్టంత తేలికగా ఉండేవి. వానలో తడుస్తూ చాతం జెట్టీ దగ్గర నిలబడ్డా టక్కున తెరుచుకునేవి. ఫెర్రీ టైములు, హోటలు గదులు, స్కూలు నోటీసులు, ఏదైనా సరే "గౌతమీ దీదీ చేసిందా? అయితే తెరుచుకుంటుంది" అనేవాళ్ళు.

2014లో పడవల సంఘానికి సైటు చేసింది. కుర్రకారు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ అక్షరాలు ఇస్తే తెల్లమొహం వేస్తారు. రాస్తే ఎవరు చదువుతారు? అందుకని గొంతు పెట్టింది, అప్పయ్య గొంతు. తెల్లారకముందే ఆయన జెట్టీకి పోయి నీళ్ళ వాటం చూసొచ్చేవాడు, గుమ్మంలో నిలబడి టీ తాగేవాడు, గౌతమి ఫోన్లో గాలి సంగతీ పోటు సంగతీ చెప్పి పడవెక్కేవాడు. పావుగంటలో అది సైటులో ఉండేది. తక్కిన పడవలవాళ్ళు అది విని బయల్దేరేవాళ్ళు. ఆరేళ్ళు సాగింది.

ఇక్కడే ఒక సంగతుంది. సముద్రం సంగతి చెప్పేశాక అప్పయ్య ఫోను ఆపడం ఎరగడు. అది రికార్డవుతూనే ఉండేది. గిన్నె చప్పుడు, చెప్పుల చప్పుడు, ఆ తర్వాత ఇంట్లోకి తిరిగి పెళ్ళాంతో అనే మాట: "తవిటీ, నానెల్తన్నాను. తలుపేసుకో." గౌతమి రోజూ ఆ తోకని కత్తిరించేసేది. బరువు కదా! కత్తిరించి, సైటులో పెట్టి, అసలుది ఫోన్లోంచి తుడిచేసి రేపటికి చోటు చేసుకునేది. మొట్టమొదటి రోజుది మాత్రం అప్పటికింకా కత్తిరించడం చేతకాక సైటులో అలాగే ఉండిపోయింది. అది నలభై ఒక్క సెకన్లు.

2020లో సముద్రం అడుగున చెన్నై నుంచి కేబులు వచ్చింది. ఊరంతా పండగే. మరుసటేడు కరోనా రెండో వేవ్‌లో అప్పయ్య పోయాడు. మొహమైనా సరిగ్గా చూడనివ్వలేదు. ఆయన్ని పట్టుకుని ఏడవడానికి కూడా లేకపోయిందని తవిటమ్మ మూడు నెలలు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయేది. తర్వాత ఒకనాడు లేచి, మళ్ళీ గంప ఎత్తుకుంది. నాలుగింటికే జెట్టీకి పోవడం మొదలెట్టింది. పోన్లే, మనుషుల్లో పడిందనుకుంది గౌతమి.

కేబులు వచ్చాక గౌతమి తేలిక పేజీలు ఎవరికి కావాలి? తెర నిండా వీడియో ఆడాలి, వేలు జరిపితే బొమ్మలు ఈదుకుంటూ రావాలి, మెనూ మూడు గీతల వెనక దాక్కోవాలి. రెడీమేడ్ డిజైన్లు వచ్చాయి, రాతకోతలన్నీ చేసిపెట్టే ఏఐ వచ్చింది. పనులిచ్చే పాత పార్టీలు ఒక్కొక్కరే జారుకున్నారు. సంఘం అధ్యక్షుడు శంకరరావు, వలలూ ఇంజను సామాన్లూ అమ్మే షాపాయన, ఒకరోజు పిలిచి, "దేఖో బేటా, జమానా మారిపోయింది. మన సైటు చూస్తే రేషన్ కార్డులా ఉంది. టూరిస్టు చూసి వాహ్ అనాలి. నువ్వు చేస్తావా, చెన్నైవాళ్ళకి ఇవ్వమంటావా?" అన్నాడు.

గౌతమికి రోషం పొడుచుకొచ్చింది. "నేనే చేస్తాను" అంది. చేసింది కూడా, అబ్బో, ఎంత అందంగా చేసింది! పైన డ్రోన్ వీడియో, నీలం రంగు నీళ్ళు. ఎవరైనా లేని పేజీ కోసం వస్తే ఊరికే "లేదు" అనకుండా, కెరటాల మీద చిన్న పడవ ఊగుతూ ఉంటుంది, కింద "దారి తప్పారా?" అని ముద్దుగా రాసుంటుంది. అదీ ఇప్పటి ఫ్యాషనే.

పాతవి ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో తేల్చుకోవడానికి లెక్కలు తీసింది. ఏ పేజీకి ఎవరొచ్చారు, ఎంతసేపున్నారు అన్నీ అందులో కనబడతాయి. అయ్య గొంతు పేజీలకి ఎవరూ రావడం లేదు. గాలి కబురు ఇప్పుడు ఫోన్లోనే వస్తోంది కదా. మొదటి రోజు పేజీకి మాత్రం రోజుకి ఒక్కరు. పొద్దున్నే నాలుగూ నలభైకి, నలభై ఒక్క సెకన్లుండి పోతున్నారు. వానైనా వరదైనా తప్పడం లేదు.

మనిషెవడండీ అంత గడియారంలా వచ్చేది? రోబో అనుకుంది గౌతమి. సైట్ల చుట్టూ అలా వేళ తప్పకుండా తిరిగే యంత్రాలు బోలెడుంటాయి. ఏడాదిలో ఒకటి రెండు రోజులు మాత్రం రెండేసిసార్లు వచ్చినట్టు కూడా కనబడింది. పట్టించుకోలేదు. అయ్య గొంతు తీసేస్తున్నందుకు ఒక్క క్షణం చెయ్యి ఆగింది. "అక్కర్లేని బరువు ఒడ్డునే వదిలీయమన్నది ఆయనే కదా" అని తనకి తనే సర్దిచెప్పుకుంది. తీసేసే బటను నొక్కేసింది.

కొత్త సైటు చూసి శంకరరావు లడ్డూలు పంచాడు.

నలభై రోజులు గడిచాయి. ఆ పొద్దున జ్వరం తగిలి తవిటమ్మ జెట్టీకి పోలేదు. మంచమ్మీద కూర్చుని ఫోను చేతిలో తిప్పుతూ, "ఒసే గౌతమీ, నెట్టెప్పుడు బాగవుద్దే?" అంది.

"బాగానే ఉంది కదమ్మా."

"ఏటి బాగుంది? నలభై రోజులై మీ అయ్య పలకట్నేదు."

గౌతమి తల్లి చేతిలో ఫోను లాక్కుంది. తెర మీద పడవ బొమ్మ గుర్తొకటి ఉంది. అయ్య పక్కన వేరే పడవ నడిపిన కన్నబాబు చిన్నాన్న పెట్టిచ్చాడట. అది నొక్కితే చాలు, ఆ పేజీ వస్తుంది. గౌతమి నొక్కింది. కెరటాల మీద చిన్న పడవ ఊగింది.

"అదిగో, అదే! పడవ ఊగతన్నాది కదా, వత్తాది వత్తాది అని రోజూ కూకుంతన్నాను. మన నెట్టుకిదేటి కొత్తా? కేబులు తెగిందేమో, బాగు సేత్తారులే అనుకున్నాను." కింద రాసింది చదవడం ఆమెకి రాదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ముసిల్దానికి ఇదేం సరదా అనుకుంతావని సిగ్గేసింది. మా పెళ్ళిరోజున రెండుసార్లు ఇన్నాను, మీ అయ్య పోయిన రోజున రెండుసార్లు ఇన్నాను. అంతేనే."

సైటు ఉంచిన కంపెనీకి గౌతమి ఫోను చేసింది. పాత కాపీలు ముప్ఫై రోజులే ఉంచుతామన్నారు. పది రోజులు దాటిపోయింది. పాత పేజీలు దాచే చోట్లు ఇంటర్నెట్‌లో ఉంటాయి, అక్కడ వెతికింది. పేజీ దొరికింది, పడవ బొమ్మ దొరికింది, గొంతు దొరకలేదు. పాత ఫోన్లూ కంప్యూటరూ అన్నీ తిరగేసింది. ఎక్కడుంటుంది? ఏ రోజుకారోజు తుడిచేసింది తనే కదా!

"సముద్రంలో సిగ్నలుండదు కదమ్మా, అయ్య మాటలు కొన్ని ఫోన్లో దాచుకున్నాను" అంటూ సంగతి తెలిసి కన్నబాబు పరుగెత్తుకొచ్చాడు. ముప్ఫై ఏడు దొరికాయి. గౌతమి గుమ్మంలో కూలబడి ఒక్కొక్కటే చివరి దాకా విన్నది. ముప్ఫై ఏడూ సముద్రం సంగతితోనే ఆగిపోయాయి, తన కత్తెర పడినచోట. మొదటి రోజుది లేదు. ఆరేళ్ళు రోజూ మా అయ్య మా అమ్మతో అన్న మాట నా చేత్తో నేనే కోసి పారేశాను అని తల గోడకేసి కొట్టుకుంది. కన్నబాబు పట్టుకుని ఆపాడు.

వాటిలో ఒకటి తీసుకెళ్ళి తల్లికి వినిపించింది. "తూరుపు గాలి తిరిగింది. పోటు మీదుంది. చిన్న పడవలు ఒడ్డు వదలకండి. జాగర్తగా ఎల్లి రండి." గొంతు ఆగింది. తవిటమ్మ ఫోను చెవి నుంచి తియ్యలేదు.

"ఇంకా ఉంది. ఉండు."

"లేదమ్మా. అంతే." ఏడుస్తూ మొత్తం చెప్పేసింది గౌతమి. రోబో అనుకున్న సంగతీ, నొక్కిన సంగతీ, అంతకుముందు రోజూ కత్తిరించిన సంగతీ.

తవిటమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోను చెవికి ఆనించుకునే ఉంది, సరిగ్గా అప్పయ్య ఆ చివరి రెండు మాటలూ అనడానికి పట్టేంతసేపు. తర్వాత ఫోనులోకి, "ఊఁ, ఏసుకుంతాను, నువ్వెల్లు" అంది. అని, ఫోను కూతురి చేతిలో పెట్టేసి గోడవైపు తిరిగి పడుకుంది.

ముప్ఫై ఏడింటినీ గౌతమి మళ్ళీ సైటులో పెట్టింది. శంకరరావు గునిసినా వినలేదు. తల్లి ఫోన్లో పడవ గుర్తు ఇప్పుడు వాటినే తెరుస్తుంది, టక్కున తెరుస్తుంది. రోజూ పొద్దున్నే తలుపు తీసుకుని తవిటమ్మ జెట్టీకి పోతుంది. గౌతమి లేచి లెక్కలు తెరిచి నాలుగూ నలభై దాకా చూస్తూ కూర్చుంటుంది. ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా ఆ పేజీలకి ఎవరూ రాలేదు.