మాస్టారి పుస్తకం వచ్చాక మా పేకాట

అమెరికాలోని ట్రాయ్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో శనివారం మధ్యాహ్నాలు ఐదుగురం పోకర్ ఆడేవాళ్ళం. డబ్బు పెట్టం, ప్లాస్టిక్ చిప్సే. అందరికంటే ముందు చిప్స్ పోగొట్టుకున్నవాడు పైకి వెళ్ళి మిగతావాళ్ళకి టీ పెట్టాలి.

మాలో పెద్దాయన గేర్‌బాక్సులు పరీక్షించే ఇంజనీరు, భీమవరం వైపు మనిషి. మేం అన్నయ్యా అంటాం, మా పిల్లలు అంకుల్ అంటారు. భార్య పోయింది. కూతురు వేరే రాష్ట్రంలో ఉంటుంది. వారం మొత్తంలో ఆయన నోరారా మాట్లాడేది మా బల్ల దగ్గరే. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు గాని, సోమవారం పొద్దున్నే "శనివారం ఎన్నింటికి?" అని మెసేజ్ వచ్చేది.

ఎవరు ఎంత పందెం కాసినా ఆయన ముక్కలు పడేసేవారు కాదు. "ఆయ్, ఏవుందో చూడొద్దేంటి? చూడ్డానికే గదా ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చింది!" అంటూ చిప్స్ తోసేవారు. ఒక్కోసారి ఆఖరి ముక్క కలిసొచ్చేది. అప్పుడు బల్ల మీద ఆయన చరిచే చరుపుకి పైన వంటింట్లో మా ఆవిడ ఉలిక్కిపడేది.

ఆ ఆటలోకి మాస్టారి పుస్తకం తెచ్చింది నేను. మాస్టారు అన్నది మేం పెట్టుకున్న పేరు. అమెరికన్. ఒకప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పి, తర్వాత పోకర్ మీద పుస్తకాలు రాసి, వీడియోల్లో పాఠాలు మొదలుపెట్టాడు. నేను చదివింది కామర్స్. విడిభాగాల కంపెనీలో ఏ భాగం ఎప్పుడు నిండుకుంటుందో అంచనా వేస్తూ, నాకు నేనుగా నేర్చుకున్న లెక్కలే నావి. అందుకేనేమో మాస్టారు నాకు ఇట్టే ఎక్కాడు. చేతిలోవీ బల్ల మీదవీ కలిపి నాలుగు ఆఠీన్లున్నాయి, ఐదోది పడితే గెలుపు, బల్ల మీద ఇంక తిప్పాల్సింది ఒక్క ముక్కే. కనబడని ముక్కలు నలభై ఆరు, వాటిలో ఆఠీన్లు తొమ్మిది. అంటే సుమారు ఐదింట ఒకసారి. ఎదుటివాడు బల్ల మధ్య పోగైన పాట్‌లో సగం పందెం కాస్తే, నాలుగింట ఒకసారైనా వస్తేనే మనమూ అంత పెట్టి కాల్ చేయడం గిట్టుబాటు. కాబట్టి పడేయి. తర్వాత ఆ ముక్కే వచ్చినా ఏడవకు. అంతకంటే నాకు నచ్చిన పాఠం ఇంకోటి ఉంది: ఎదుటివాడి దగ్గర ఫలానా ముక్క ఉందని ఊహించకు, ఇలా ఆడేవాడి దగ్గర ఏమేం ఉండొచ్చో అన్నీ లెక్కేసుకో.

పుస్తకం చేతులు మారింది. చలికాలం ముగిసేసరికి బల్ల దగ్గర అరుపులు తగ్గిపోయాయి. పందేనికి ముందు ఒక్కొక్కరూ పైకప్పుకేసి చూస్తూ పెదాలు కదిపేవారు. అన్నయ్యకి కూడా ఇచ్చాను. నాలుగు పేజీలు తిప్పి, "ఆఫీసులో ఎలాగూ ఇదే పని గదా తమ్ముడూ" అని తిరిగిచ్చేశారు.

మాలో చిన్నవాడు, వరంగల్ కుర్రాడు ఊరుకునేవాడు కాదు. "అన్నా, గట్ల ప్రతిదానికీ కాల్ చేస్తే ఎట్లనే? వస్తదా రాదా, ఆడ్స్ చూస్కోవాలె."

"నువ్వు చూస్కోరా బాబూ. నేను ముక్కలు చూస్కుంటా."

ముక్కలు పడేయనివాడి మీద ఉత్త చేత్తో బ్లఫ్ వేయకు, చెయ్యి బాగున్నప్పుడే గట్టిగా కాయి అన్నాడు మాస్టారు. నలుగురం అలాగే ఆడాం. ఎవరూ మోసం చేయలేదు. వారం వారం ఆయనే ముందు లేచి టీకి వెళ్ళేవారు. "నన్నింక ప్లేయర్లలో తీసేసి కేటరింగ్‌లో రాసుకోండ్రా" అని నవ్వేవారు. సోమవారం మెసేజ్ గురువారానికి జరిగింది. ఒక వారం మెసేజూ రాలేదు, ఆయనా రాలేదు. ఆయన మానేస్తారని నాకు భయం పట్టుకుంది.

మళ్ళీ వచ్చిన రోజున ఒక పెద్ద పాట్‌లో ఆయనా నేనూ మిగిలాం. నా దగ్గర మూడు రాజులున్నాయి, దాదాపు గెలిచే చెయ్యే. ఆయన చివర్లో చాలా చిన్న పందెం కాశారు. నేను ముక్కలు బోర్లించి పడేశాను. ఆయన చిప్స్ లాక్కోలేదు.

"పడేశావేంటి తమ్ముడూ?"

"చెయ్యి బాలేదన్నయ్యా."

"బాగోకపోయినా పడేయవు నువ్వు. ఇంత పాట్‌లో ఇంత బుల్లి పందేనికి మీ మాస్టారు పడేయనిస్తాడేంటి?" తన ముక్కలు తిప్పి చూపించారు. ఏమీ లేవు. "ముష్టి వేశావన్నమాట."

ఆయన పుస్తకం చదవకపోయినా నన్ను చదివేశారు.

మూడు వారాలు రాలేదు. ఫోన్ చేసి, పోకర్ వద్దు, పదమూడు ముక్కల రమ్మీ ఆడదాం అన్నాను. ఆయన చిన్నప్పట్నుంచీ ఆడిన ఆట. వచ్చారు. తిరగలి తిప్పినట్టు ముక్కలు కలిపి పంచారు. మొదటి ఆటలో భీమవరం కబుర్లు కూడా చెప్పారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండో ఆటలో నా తర్వాత వంతు ఆయనది. నేను వేసిన ఆఠీను ఆరు తీసుకున్నారు. కాసేపటికి ఏడు కూడా తీసుకున్నారు. రెండు పేకల ఆట, ఆఠీను ఐదులు రెండూ కింద పడిపోయాయి. ఎనిమిదుల్లో ఒకటి వరంగల్ కుర్రాడు వేశాడు, ఆయనకి పనికొచ్చే రెండోది నా చేతిలో ఉంది. ఇదంతా నేను కావాలని లెక్క పెట్టలేదు, దానంతటదే పడిపోయింది. చుట్టూ చూశాను. ముగ్గురూ పైకప్పుకేసి చూస్తున్నారు.

ఎనిమిది వేస్తే మళ్ళీ ముష్టేనని ఆయనకి తెలిసిపోతుంది. వేయకపోతే ఓడిపోతారు. తెలియనివాడిలా ఆడడం నాకు చేతకాదు, అదెలాగో మాస్టారు చెప్పలేదు.

"కానీ తమ్ముడూ, వెయ్యి."

ఇస్పేటు నాలుగు వేశాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. పేకలోంచి ఒకటి తీసి, అదే వేసేశారు. తర్వాతి చుట్టులో వరంగల్ కుర్రాడు షో చేశాడు.

అన్నయ్య తన ముక్కలు పరచకుండానే పేకలో కలిపేసి లేచారు. "నేనింక వెళ్తానర్రా. స్నో పడేలా ఉంది."

అది ఏప్రిల్ చివర. బేస్‌మెంట్ కిటికీలోంచి ఎండ బల్ల మీదికి పడుతోంది. ఇప్పుడు నలుగురమే ఆడుతున్నాం, చాలా బాగా ఆడుతున్నాం.